ఆ కాగితం మీద రాసింది అబద్ధం

తెలుగు రాష్ట్రాల్లోని కార్పొరేట్, ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు, వాటి ఐసీయూల్లో పనిచేస్తున్న వైద్యులకు,



మీ దగ్గర ఒక కాగితం ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో దాన్ని లామా అంటారు, కొన్నిచోట్ల డామా అంటారు. 'వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టప్రకారం, జరగబోయే దానికి పూర్తి బాధ్యత మాదేనని ఒప్పుకుంటూ రోగిని తీసుకెళ్తున్నాం' అన్న అర్థం వచ్చే నాలుగు వాక్యాలు ఉంటాయి అందులో. కింద అటెండెంట్ సంతకం, సెల్ నంబరు, సాక్షి సంతకం. వెంటిలేటర్ మీదున్న మనిషి ఇక కోలుకోడని తేలిపోయాక, మా కుటుంబాల్లో ఎన్నో మీ గడప దాటేది ఈ కాగితం మీద సంతకం పెట్టే.

దానికి కాస్త ముందు కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. 'ఛాన్సులు లేవండీ. మెదడు స్పందించడం లేదు, కిడ్నీలు కూడా పోయాయి. ఇంకా ఉంచినా ఉపయోగం ఉండదు. ఇంట్లోవాళ్లంతా ఒకసారి మాట్లాడుకుని మీరే ఏదో ఒకటి చెప్పండి' అని అంటున్నది మీ వైద్యుడే. బయట కుర్చీల్లో కూర్చుని, ఫోన్లలో అమెరికాలో ఉన్న తమ్ముడితో, ఊళ్లో ఉన్న మేనత్తతో మాట్లాడి, ఏడ్చి, చివరికి 'తీసుకెళ్తామండీ' అని మేం చెప్పగానే ఆ కాగితం వస్తుంది. ఇప్పుడు చెప్పండి, మేం ఎవరి సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం? ఉంచినా ఉపయోగం లేదని చెప్పింది వైద్య సలహా కాదా? అది సలహా అయితే మేం దాన్ని పాటించినట్టా, ధిక్కరించినట్టా?

వైద్యం చేస్తే బతికే మనిషిని డబ్బు లేకనో, మొండితనంతోనో, నాటువైద్యం మీద నమ్మకంతోనో తీసుకుపోయేవాళ్లు ఉంటారు. వాళ్ల విషయంలో ఆ కాగితం నిజమే చెబుతుంది, దాని అవసరమూ ఉంది. కానీ మీరు ఆశ వదిలేసిన మనిషి కుటుంబంతో కూడా అదే కాగితం రాయిస్తున్నారు. డెంగీ తగ్గకముందే తీసుకుపోయిన కుర్రాడూ, మెదడులో రక్తస్రావమై మీరే చేతులెత్తేసిన ఎనభై ఏళ్ల ముసలాయనా మీ రికార్డుల్లో ఒకే గడిలో పడతారు. ఇద్దరి కేసుల్లోనూ తప్పు ఇంట్లోవాళ్లదే అన్నట్టుంటుంది ఆ గడి.

మా పెదనాన్నగారి విషయంలో నేను దగ్గరుండి చూశాను కనుక రాస్తున్నాను. ఆసుపత్రి పేరు అనవసరం, ఇది ఒక్క ఆసుపత్రి గొడవ కాదు. ఆయనది పల్నాడులో ఒక మామూలు వ్యవసాయ కుటుంబం. స్ట్రోక్ వచ్చి పడిపోతే పెద్ద ఊరి ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరుగారు మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. సంతకం పెట్టింది మా అన్నయ్య. వెంటిలేటర్ తీసి, గొంతులో గొట్టం అలాగే ఉంచి, దానికి అంబు బ్యాగ్ తగిలించి అంబులెన్సులో ఎక్కించారు. ఆ సంచీని నొక్కుతూ కూర్చున్న కుర్రాడు ఊరి పొలిమేర దాకా నొక్కి, ఇంటి అరుగు మీద దింపాక ఆపేశాడు. గొట్టం తీసింది కూడా అతనే. ఆయాసం తెలియకుండా ఒక్క ఇంజెక్షన్ లేదు, కఫం తీసే మిషన్ లేదు, ఇలా అవుతుందని చెప్పేవాళ్లు లేరు. ఎంతసేపు పట్టిందో రాయను. మా పెద్దమ్మ ఆ గురక వినలేక దొడ్లోకి వెళ్లిపోయింది.

పెద్దకర్మ నాడు ఒక బంధువు మెల్లగా అన్నాడు: 'వెంటిలేటర్ వీడే తీయించేశాడంట కదా' అని. మా అన్నయ్య దగ్గర ఆ మాటకు జవాబు లేదు, ఎందుకంటే కాగితం మీద ఉన్నది ఆ మాటే. మీ వైద్యుడు చెప్పినదానికి సాక్ష్యం లేదు. కేస్ షీట్‌లో 'బంధువుల కోరిక మీద డిశ్చార్జి' అని ఉంది. ఒక కొడుకు మీద ఇంత బరువు పెట్టే హక్కు మీకు ఎవరిచ్చారు? తెలిసిన నిజాన్ని రాసి, కింద సంతకం పెట్టడానికి మీకు అడ్డమేమిటి?

చట్టం అడ్డమని మీరంటారు. ఆ మాట కొన్నేళ్ల కిందట నిజం. ఇప్పుడు కాదు.

మనిషిని పోనివ్వొచ్చా అన్న ఈ ప్రశ్న మన దగ్గర ఎప్పుడో మొదలైంది. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణత వ్యాధితో మంచాన పడిన 25 ఏళ్ల చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్, అతని తల్లి ఈ విషయాన్ని నేరుగా హైకోర్టు ముందుకే తీసుకెళ్లారు. తన అవయవాలు పాడవకముందే దానం చేసేలా తనను పోనివ్వమన్నాడతను. కోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. అతను కోరినది ఇవాళ కూడా చట్టం ఒప్పుకునేది కాదు. నేను గుర్తుచేసేది అతని కోరికను కాదు, ఆ తల్లీకొడుకులు దాన్ని నలుగురిలో పేరు పెట్టి అడిగిన తీరును. దాచుకోవలసిన పని చేస్తున్నామని వాళ్లు అనుకోలేదు.

ఆ తర్వాత 2011లో ముంబై నర్సు అరుణా శానబాగ్ కేసులో, 2018 మార్చి 9న కామన్ కాజ్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు దారి వేసింది. 2018లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనంది. విషపు ఇంజెక్షన్ ఇచ్చి చంపడం నేరమే, అందులో మార్పు లేదు. ప్రయోజనం లేని చికిత్సను పద్ధతి ప్రకారం ఆపడం నేరం కాదు. అయితే 2018లో పెట్టిన పద్ధతి నిజంగానే ఆచరణకు అందనిది. 20 ఏళ్ల అనుభవమున్న నిపుణులు కావాలి, కలెక్టర్ బోర్డు వేయాలి, మేజిస్ట్రేట్ స్వయంగా వచ్చి రోగిని చూడాలి. అప్పుడు మీరు వెనకాడారంటే అర్థముంది.

2023 జనవరి 24న మరో ఐదుగురు సభ్యుల ధర్మాసనం దాన్ని సడలించింది. ఇప్పుడు కావలసింది చూడండి. చికిత్స చేస్తున్న వైద్యుడు, ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి ఆసుపత్రిలోనే ప్రైమరీ బోర్డు. జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులతో సెకండరీ బోర్డు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి. ఆపేముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి, ఆయన వచ్చి చూసే పని లేదు. బోర్డులు కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు. ముందే తన ఇష్టాన్ని రాసిపెట్టుకోవాలనుకున్న వాళ్లకు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సరిపోతారు. గోవాలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సోనక్ 2024లో అలా రాసి రిజిస్టర్ చేయించుకున్నారు. రోజుకు ఇరవై నాలుగ్గంటలూ స్పెషలిస్టులు తిరుగుతుంటారని హోర్డింగుల మీద రాసుకునే ఆసుపత్రికి ముగ్గురు వైద్యుల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం కష్టమా?

సెకండరీ బోర్డుకు జిల్లా వైద్యాధికారి ఎవర్నీ నామినేట్ చేయలేదండీ, మేమేం చేస్తాం అంటారు మీలో కొందరు. అడిగారా? కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఇందుకోసం ఉత్తర్వు ఇచ్చింది. ఆరోగ్యశ్రీ బకాయిలు ఆగినప్పుడల్లా ఫలానా తేదీ నుంచి సేవలు నిలిపేస్తామని ప్రభుత్వానికి నోటీసిచ్చి, మంత్రుల్ని చర్చలకు రప్పించుకున్న సంఘాలు మీవి. అది మీ హక్కు, కాదనను. ప్రతి జిల్లాలో ఒక డాక్టరు పేరు నామినేట్ చేయించండని జిల్లా వైద్యాధికారికి, సెక్రటేరియట్‌కు ఒక్క లేఖ రాయడానికి ఆ బలంలో పదో వంతు చాలదా? మీకు రావలసిన డబ్బుకైతే గొంతు ఉంది, మాకు రావలసిన మరణానికి లేదా?

2024లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రాణాధార చికిత్స ఆపడంపై ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, వైద్యుల జాతీయ సంఘం ఐఎంఏ అభ్యంతరం చెప్పింది. ఇవి డాక్టర్లను కోర్టుల పరిశీలనలోకి లాగుతాయని, ఒత్తిడి పెంచుతాయని వాదన. మీ భయం నాకు అర్థమవుతుంది. రోగి చనిపోతే అద్దాలు పగలగొట్టే ఊళ్లలో పనిచేస్తున్నారు మీరు. కానీ ఏ రాతా లేకుండా నోటిమాటతో నడిపి, చివర్లో అబద్ధపు కాగితం తీసుకోవడం మిమ్మల్ని ఎలా కాపాడుతుంది? రేపు ఎవరైనా లాయరు మీ కేస్ షీట్ తెరిచి, 'ఇక బతకడని తెలిసీ చికిత్స కొనసాగించమని సలహా ఇచ్చారా, లేక సలహా ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాయించారా' అని అడిగితే ఏం చెబుతారు? ఆరుగురు వైద్యులు చూసి, సంతకాలు పెట్టి, మేజిస్ట్రేట్‌కు తెలిపిన ఫైలు కన్నా గట్టి రక్షణ మీకు ఇంకేముంది?

మీ మీద మా జనానికి ఉన్న అనుమానం ఎక్కడ పెరిగిందో కూడా ఆలోచించండి. 2003లో వచ్చిన 'ఠాగూర్' సినిమాలో శవానికి వైద్యం చేసి బిల్లు వేసే సన్నివేశం ఉంది. అప్పటినుంచీ ఐసీయూ తలుపు బయట కూర్చున్న ప్రతి తెలుగువాడి బుర్రలో ఆ సీను ఒకసారి తిరుగుతుంది. మీలో ఎక్కువమంది అలాంటివాళ్లు కాదని నేను నమ్ముతాను. అయినా రోజుకొకసారి పది నిమిషాలు అద్దంలోంచి చూపించి, మిగతా రోజంతా అడ్వాన్సు కట్టమని బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్లు చేయిస్తుంటే ఆ సీను చెరిగేదెలా? మీరు ఉంచమంటే బిల్లు కోసమంటారు, తీసుకెళ్లమంటే బెడ్ ఖాళీ కోసమంటారు. ఈ రెండు నిందలనుంచీ మిమ్మల్ని బయటపడేసేది ముగ్గురు వైద్యుల లిఖిత అభిప్రాయమే.

అసలు ఇప్పుడు ఆ నిర్ణయం ఎవరు చేస్తున్నారో తెలుసా? డబ్బు. అప్పు పుట్టనివాడి తండ్రి మూడో రోజునే ఇంటికి వెళ్తాడు. ఎకరం అమ్మగలిగినవాడి తండ్రి ఇరవయ్యో రోజు దాకా ఉంటాడు. ఇన్సూరెన్స్ ఉన్నవాడి తండ్రి పాలసీ అయిపోయే దాకా ఉంటాడు. ముగ్గురి స్కానింగూ ఒకటే చెబుతుంటే, ముగ్గురి మరణమూ మూడు తీర్లుగా ఉండడం వైద్యమా? పేదవాడికి తొందరగా ముగిసేదీ, ఉన్నవాడికి అనవసరంగా సాగేదీ, రెండూ అన్యాయమే. రెండింటిలోనూ రోగి ఏం కోరుకునేవాడని అడిగినవారు లేరు.

బ్రెయిన్ డెత్ విషయం ఇంకా వింత. అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మెదడు చనిపోయిందని ధ్రువీకరిస్తుంది. కుటుంబం అవయవదానానికి ఒప్పుకుంటే ఆ పనికున్న ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ వాళ్లు వస్తారు, అంబులెన్సుకు గ్రీన్ ఛానెల్ పెడతారు, సిబ్బంది వరుసలో నిలబడి నమస్కారం చేస్తారు. చాలా మంచి పని, చేతులెత్తి దణ్ణం పెడతాను. కుటుంబం వద్దంటే? అదే మనిషి అదే మంచం మీద మళ్లీ పేషెంటు అయిపోతాడు, వెంటిలేటర్ ఛార్జీ మళ్లీ మొదలవుతుంది. దానం చేస్తే చనిపోయినట్టూ, చేయకపోతే బతికున్నట్టూ ఎలా అవుతాడు? అవయవదానంతో సంబంధం లేకుండా బ్రెయిన్ డెత్‌ను ధ్రువీకరించే పద్ధతిపై కేరళ ప్రభుత్వం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర కూడా అలాంటిది తెమ్మని ముందుగా అడగవలసింది మీరే, ఎందుకంటే ఆ మంచం పక్కన నిలబడేది మీరే.

చికిత్స ఆపడానికి ఒప్పుకోని వైద్యులు, నర్సులు కూడా ఉంటారు. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సులు అలాంటివాళ్లే. 1973లో అదే ఆసుపత్రిలో దాడికి గురై స్పృహ కోల్పోయిన తమ తోటి నర్సు అరుణా శానబాగ్‌ను 2015లో ఆమె న్యుమోనియాతో చనిపోయే దాకా, 42 ఏళ్లు, వాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ఆమెను పోనివ్వమని పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను వాళ్లు వ్యతిరేకించారు, 2011 తీర్పులో ఆమె వరకు సుప్రీంకోర్టు వాళ్ల మాటే విన్నది. అన్నేళ్లు సాకినవాళ్లే ఆమెకు నిజమైన ఆప్తులని తేల్చింది. వాళ్ల నిర్ణయంతో మనం ఏకీభవించకపోవచ్చు, నేను పూర్తిగా ఏకీభవించను కూడా. కానీ వాళ్లు వద్దన్నారు, వద్దన్నందుకు ప్రతి పూటా ఆమెకు తినిపించి, కడిగి, పక్క తిప్పి ఆ మాటకు కట్టుబడ్డారు. మీ నుంచి మేం అడిగేదీ అంతే. ఉంచుదామంటే ఎందుకో రాయండి. ఆపుదామంటే ఎందుకో రాయండి. ఏదీ రాయకుండా మా చేత సంతకం పెట్టించడాన్ని మాత్రం బాధ్యత అనరు.

ఆ అబద్ధపు కాగితం వల్ల అన్నిటికన్నా నష్టపోయేది పోయే మనిషి. ఒప్పుకోలుతో, బోర్డుతో చికిత్స ఆపితే గొట్టం తీసే ముందు మార్ఫిన్, మత్తు మందు ఇవ్వాలి, ఆయాసం, గురక తగ్గించాలి, మంచం చుట్టూ ఇంట్లోవాళ్లను ఉండనివ్వాలి. ఇదంతా వైద్యంలో భాగమే, దీనికి పాలియేటివ్ కేర్ అని ఒక విభాగమే ఉంది. హైదరాబాద్‌ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా చేస్తున్నారు, తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనూ ఆ కేంద్రాలు పెట్టారు. మార్ఫిన్ దొరకడానికి ఉన్న చిక్కులు తగ్గించాలని 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. మీ సలహాకు విరుద్ధంగా వెళ్లాడని రాసిన మనిషికి మాత్రం ఇవేవీ ఇవ్వరు, ఇచ్చే అవకాశాన్ని ఆ కాగితమే తీసేస్తుంది. సలహా ధిక్కరించి పోతున్నవాడికి మందు రాసివ్వాలని ఎవరికి అనిపిస్తుంది?

ప్రాణం ఇంటి దగ్గర పోవాలన్నది మావాళ్ల కోరిక. తులసి తీర్థం పోయాలని ఒకరు, చెవిలో కలిమా చదవాలని ఒకరు, పాస్టరుగారొచ్చి ప్రార్థన చేయాలని ఒకరు చూస్తారు. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయకండి. ఇంటికి తీసుకెళ్లనివ్వండి, కానీ రోగిగానే పంపండి, అపరాధిగా పంపకండి. మార్ఫిన్ చీటీ, ఫోన్ చేస్తే పలికే ఒక నర్సు నంబరు, రాబోయే కొన్ని గంటల్లో ఏం కనిపిస్తుంది, ఎలా శ్వాస తీసుకుంటారు అని మా భాషలో చెప్పే ఒక్క మనిషి, ఇవి ఇవ్వడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లలేని వాళ్లకు ఐసీయూ పక్కన ఒక చిన్న గది ఇవ్వండి. వీఐపీ సూట్లు ఉన్న ఆసుపత్రుల్లో ఆ గది ఎందుకు లేదో మీ బోర్డు మీటింగులో అడగండి.

నేను చెప్పేది ఒకే సంగతి. చికిత్సతో ఇక లాభం లేదని మీకు తెలిసిన క్షణంలో నిర్ణయంలో మీ వంతు మీరు తీసుకోండి. ప్రైమరీ బోర్డు వేసి, రోగి పరిస్థితిని, మీ అభిప్రాయాన్ని తేదీ, సమయంతో కేస్ షీట్‌లో రాసి, ముందు మీరు సంతకం పెట్టండి. ఆ తర్వాత మా సంతకం అడగండి, పెడతాం. అలాంటి కేసులకు లామా ఫారం వాడకూడదని మీ ఆసుపత్రిలో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి, దాన్ని కౌన్సెలింగ్ గదిలో తెలుగులో అంటించండి.

ఈ లేఖ రోగుల కుటుంబాలూ చదువుతాయి కనుక వాళ్లకు ఒక మాట. కౌన్సెలింగ్ గదిలో ఆ కాగితం మీ ముందు పెట్టినప్పుడు, సుప్రీంకోర్టు 2023 జనవరి 24 తీర్పు ప్రకారం ప్రైమరీ మెడికల్ బోర్డు వేయమని ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. యాజమాన్యాల వారూ, ఆ అర్జీ మీ చేతికి వచ్చిన రోజున ఇది మా దగ్గర లేదండీ అనకుండా ఉండేందుకు కావలసిన ఏర్పాట్లు ఈ నెలలోనే చేసుకోండి.

ఇట్లు,
ఐసీయూ బయట కూర్చున్న వాళ్లలో ఒకరు